పచ్చనైన చెఱువు

ఈ సాయంకాలము మీతో చెఱువునుగూర్చి కొన్ని మాటలు ముచ్చటింపదలచితిని. చెఱువునుగూర్చి పల్లెవారికి బోధించుటకు నేనెంతవాడనని మీరనుకొనవచ్చును. నేను చెప్పబోవునది బోధ కాదు, నా తప్పొప్పుకోలు.

మా యూరి వీధులలో మురుగు నిలిచి దోమలు పెరుగుచున్నవని యొకప్పుడు పెద్దలందఱు కూడి, కాలువ త్రవ్వి యా మురుగును చెఱువులోనికి మరల్పవలెనని తీర్మానించిరి. సరే యన్నవారిలో నేనును ఒకడను. వీధులు బాగుపడెను, మూడేండ్లలో చెఱువు చెడెను. వేసవి మొదట నీటిపై చిలుకపచ్చని తెట్టు కట్టెను. ఒకనాటి వేకువను చేపలన్నియు తెల్లని కడుపులు పైకి పెట్టి తేలుచుండెను. పొరుగూరివారెవరో విషము కలిపిరని మావారు కఱ్ఱలెత్తిరి. విచారింపగా, కలిపినవారము మేమే.

ఇది యెట్లు జరుగునో వినుడు. నాచును పైరువంటిదే. పొలమున పైరునకు బలమిచ్చు భాస్వరమే నీటిలో నాచునకును బలమిచ్చును. పేడ, మలమూత్రములు, కొన్ని సబ్బుపొడులు, వానకు పొలములనుండి కొట్టుకొనివచ్చు ఎరువు, వీనియన్నిటియందును భాస్వరము గలదు. 1973వ సంవత్సరమున కెనడా దేశములో షిండ్లరు అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును ఒక చిన్న సరస్సునకు నడుమ తెరకట్టి రెండుగా చేసిరి. ఒక భాగమున కర్బనమును, నత్రజనిని మాత్రమే వేసిరి. రెండవ భాగమున వానితోపాటు భాస్వరమును వేసిరి. భాస్వరము పడిన భాగము నాచుతో పచ్చనాయెను; రెండవది తేటగానే యుండెను.

నాచు పగటివేళ ప్రాణవాయువునిచ్చును. రాత్రి తానే దానిని పీల్చుకొనును. చచ్చిన నాచు క్రుళ్లునప్పుడు మిగిలిన వాయువును హరించిపోవును. కావుననే చేపలు తెల్లవారుజామున చచ్చుచుండును. అంతేకాదు, నీలహరితజాతి నాచులలో కొన్ని విషమును పుట్టించును. ఆస్ట్రేలియాలో నట్టి సరస్సునీరు త్రావి పసులు చచ్చినవని 1878లోనే ప్రకటింపబడెను. నీటిని కాచినను ఆ విషము పోదు. ఈ సంగతి ఇంటి ఆడవారికి తప్పక తెలుపుడు.

అయినను నిరాశపడ పనిలేదు. అమెరికాలో సియాటిల్ నగరముచెంత వాషింగ్టను అను పెద్ద సరస్సు గలదు. పట్టణముల మురుగు, శుద్ధిచేసినదే యైనను, అందు పడుచుండగా 1955లో చెడునాచు పొడసూపెను. ఎడ్మండ్‌సన్ అను ఆచార్యుడు ముందు రాబోవు కీడును ప్రజలకు విప్పిచెప్పెను. 1958లో ప్రజలు వోట్లు వేసి సమ్మతింపగా, 1963 మొదలు 1968 వఱకు ఆ మురుగును క్రమముగా వేఱుదారి పట్టించిరి. సరస్సు మరల తేటపడెను.

మన తాతలకు భాస్వరమను పేరు తెలియదు. కాని వేసవిలో ఎండిన చెఱువు మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలెడివారు. పొలమునుండి జాఱివచ్చిన సారము మరల పొలమునకే చేరెడిది, చెఱువును లోతయ్యెడిది. మనమా పని మాని, సంచి యెరువును కొని, మిగిలినదానిని చెఱువునకు అర్పించుచున్నాము.

మా యూర నిప్పుడు కాలువ నోరు పూడ్చి, మురుగును ఇంకుడుగుంటలకు మరల్చితిమి. గట్టువెంబడి గడ్డి పెంచితిమి. వానమబ్బు చూచి ఎరువు చల్లుట మానితిమి. రెండు వేసవులు మట్టి తోలితిమి. చెఱువింకను పూర్తిగా తేఱుకొనలేదు; అడుగు బురదలో దాగిన భాస్వరము కొన్నియేండ్లు పైకి వచ్చుచునే యుండును. త్రవ్వుటకు నాలుగు దినములు పట్టిన కాలువ చేసిన కీడు తీరుటకు ఎన్ని యేండ్లు పట్టునో!

కావున పెద్దలారా, మీ యూర నట్టి కాలువ మాట వచ్చిననాడు, సరే యనుటకు ముందు ఒక్కసారి చెఱువుగట్టునకు పోయి నీటివంక చూచి రండు. నేనానాడు ఆ పని చేయనైతిని.