బ్రిగేడియర్ ఉస్మాన్: ధ్రువపత్రం కాదు, ఆదర్శం

(జూలై 3న బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



1948 జూలై 3న జమ్మూ ప్రాంతంలోని ఝాంగర్ వద్ద ఫిరంగి గుండు పేలి బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ అమరులయ్యారు. మరి పన్నెండు రోజులు గడిస్తే ఆయనకు 36 ఏళ్లు నిండేవి. ఆ యుద్ధంలో నేలకొరిగిన భారత సైన్యాధికారులందరిలో ఉన్నతమైన హోదా ఆయనదే. మరణానంతరం దేశం ఆయనకు మహావీర చక్ర ప్రదానం చేసింది.

ఉస్మాన్ 1912 జూలై 15న నాటి ఆజంగఢ్ జిల్లా బీబీపూర్‌లో జన్మించారు. నేడు ఆ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మవూ జిల్లాలో ఉంది. తండ్రి పోలీసు అధికారి. కుమారుడు సివిల్ సర్వీసులో చేరాలని ఆయన కోరిక. కుమారుడు మాత్రం సైన్యాన్నే ఎంచుకొని, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది, బలూచ్ రెజిమెంటులో అధికారిగా చేరారు.

1947లో దేశంతో పాటు సైన్యం కూడా రెండుగా చీలింది. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. ఎటు వెళ్లాలో నిర్ణయించుకొనే అవకాశం ముస్లిం అధికారులకు లభించింది. పాకిస్తాన్ నాయకులు ఉస్మాన్‌కు ఉన్నత పదవుల ఆశ చూపారని ఆయన జీవితాన్ని గురించి రాసినవారు చెబుతారు. ఆయన ఇక్కడే ఉండిపోయారు. తాను పెరిగిన రెజిమెంటును విడిచి డోగ్రా రెజిమెంటుకు మారారు గాని, తాను పుట్టిన దేశాన్ని విడువలేదు.

1947 డిసెంబరు 25న ఝాంగర్ శత్రువుల వశమైంది. మీర్‌పూర్, కోట్లీ దారులు కలిసే కీలకమైన కూడలి అది. అప్పుడు నౌషేరాలో 50వ పారాచూట్ బ్రిగేడు బాధ్యత ఉస్మాన్ భుజాల మీద ఉంది. ఝాంగర్‌ను తిరిగి గెలిచేదాకా మంచం మీద నిద్రించనని ఆయన ప్రతిన పూనారు. ఆ కొండల చలిలో నేల మీద చాప పరుచుకొని పడుకున్నారు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా మీదికి వేల సంఖ్యలో విరుచుకుపడిన శత్రువులను ఆయన బ్రిగేడు తిప్పికొట్టింది. ఆ రోజుతో ఆయన 'నౌషేరా సింహం' అయ్యారు. ఆయన తలకు శత్రువులు 50,000 రూపాయల వెల కట్టారు. మార్చి నెలలో ఝాంగర్ తిరిగి మన చేతికి వచ్చింది. ఆ రాత్రి గ్రామం నుండి ఒక మంచం అడిగి తెప్పించారని, దాని మీద బ్రిగేడియర్ నిద్రించారని చెబుతారు.

ఆయన జీవితంలో యుద్ధం ఒక భాగం మాత్రమే. ఆయన వివాహం చేసుకోలేదు. జీతంలో అధికభాగాన్ని పేద పిల్లల చదువులకు, పోషణకు వెచ్చించారు. నౌషేరాలో తల్లిదండ్రులను కోల్పోయిన బాలురను చేరదీసి, వారికి చదువు, శిక్షణ ఏర్పాటు చేశారు. వారిలో ఎవరి బిడ్డ ఏ మతస్థుడని ఆయన లెక్కించలేదు.

ఆయన పార్థివదేహాన్ని ఢిల్లీకి తెచ్చి జామియా మిల్లియా ఇస్లామియా ఆవరణలో ఖననం చేశారు. అంతిమయాత్రలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా పాల్గొన్నారు. అదే సమాధి 2020 డిసెంబరులో ధ్వంసమైన స్థితిలో కనిపించింది. సైన్యం చొరవ తీసుకొని దానిని పునరుద్ధరించింది.

మిత్రులారా! ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. మన దేశభక్తిని ఎవరైనా శంకించినప్పుడెల్లా మనం ఉస్మాన్ పేరును, హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరును గబగబా అప్పజెబుతాము. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. ధ్రువపత్రం ఎప్పుడు అడుగుతారో నాకు తెలుసు. హక్కుదారుడేనా అని అనుమానం వచ్చినప్పుడు అడుగుతారు. ఈ దేశంలో మన పౌరసత్వం అనుమానాస్పదమైన దరఖాస్తు కాదు. ప్రతి సందేహానికీ ఒక అమరుని పేరు జతపరచవలసిన అగత్యం మనకు లేదు. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు ఎంతో, మగ్గం నేసేవానికి, దూదేకేవానికి, బట్టలు కుట్టేవానికి అంతే. 1947లో తమ ఊరు విడువని ఆ సామాన్యులు కూడా ఉస్మాన్ తీసుకున్న నిర్ణయాన్నే తీసుకున్నారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

మరి ఉస్మాన్‌ను ఎందుకు స్మరించాలి? ఇతరులకు జవాబు చెప్పడానికి కాదు, మన పిల్లలకు దారి చూపడానికి. చేపట్టిన బాధ్యత ముగిసేదాకా సుఖాన్ని కోరకపోవడం, అధికారం ఉన్నప్పుడు అనాథను మరువకపోవడం, సంపాదనలో పేదవాని వాటాను గుర్తించడం ఆయన మనకు విడిచిన వారసత్వం.

కనుక నా విన్నపం ఒక్కటే. ప్రతి మొహల్లాలో ఏటా జూలై 3 నాటికి ఒక్క బిడ్డ ఫీజు బాధ్యతనైనా మనం తీసుకుందాం. సైన్యంలోనో, పోలీసులోనో, ప్రభుత్వ కొలువులోనో చేరాలని కోరుకొనే యువతీ యువకులకు దరఖాస్తు నింపడం నుండి పరీక్షకు చదువుకోవడం దాకా తోడుందాం. దరఖాస్తుల పని నాకు తెలిసిన పని. ఆదివారాలు నేను కూర్చుంటాను. పిల్లలను పంపండి.

అల్లాహ్ ఆయన సమాధిని వెలుగుతో నింపుగాక. జైహింద్.