నర్సింగ్ చదువు: చేరేముందు, చేరిన తొలి ఆరు నెలలు

రెండవ పి.యు.సి. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా బడికి తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. పిల్లలు మా దగ్గర పదో తరగతి వరకే చదివి వెళ్ళినా, తర్వాతి దారి అడగడానికి మళ్ళీ మా దగ్గరికే వస్తారు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి, పావగడ, బళ్ళారి చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో ఈమధ్య ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మేడం, మా పాపను నర్సింగ్‌లో చేర్పించవచ్చా? ఎట్లా చేర్పించాలి?" ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఒక సంగతి చెబుతాను. మూడు నాలుగేళ్ళ క్రితం ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. టమోటా అమ్మిన దుడ్డులో 40 వేలు తీసుకుపోయి, బెంగళూరులో నర్సింగ్ సీటు ఇప్పిస్తానన్న ఒక ఏజెంటు చేతిలో పెట్టాడు. రసీదు లేదు. "కాలేజీ పేరేమన్నా?" అని అడిగితే జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీశాడు. అందులో ఫోన్ నంబరుంది గాని కాలేజీ చిరునామా లేదు. విశ్వవిద్యాలయం జాబితా తెరిచి వెదికితే ఆ పేరుతో కాలేజీయే కనిపించలేదు. "ఇచ్చేస్తిని కదా మేడం, ఇప్పుడేం చేసేది?" అన్నాడు. తిరగ్గా తిరగ్గా సగం డబ్బు వెనక్కి వచ్చింది. పిల్లకు మాత్రం ఒక సంవత్సరం పోయింది. ఆ పిల్ల సంగతి చివరలో చెబుతాను.

నర్సింగ్‌లో ముఖ్యంగా మూడు మెట్లున్నాయి. మొదటిది ఏ.ఎన్.ఎం., 2 సంవత్సరాలు. మన ఊరి ఉపకేంద్రంలో టీకాలు వేసే అక్క చదివింది అదే. రెండవది జి.ఎన్.ఎం. డిప్లొమా, 3 సంవత్సరాలు. పన్నెండో తరగతిలో ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా ఉండి, 40 శాతం మార్కులుంటే ఇందులో చేరవచ్చు. సైన్సు చదివినవారికి మొగ్గు ఉన్నా, ఆర్ట్సు చదివినవారికీ తలుపు మూసి లేదు. మూడవది బి.ఎస్సీ. నర్సింగ్, 4 సంవత్సరాలు, 8 సెమిస్టర్లు. దీనికి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. ఆ మూడు శాస్త్రాలలో కలిపి 45 శాతం రావాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 40 శాతం చాలు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. జి.ఎన్.ఎం. చదివినవారు తర్వాత 2 సంవత్సరాల పోస్ట్ బేసిక్ కోర్సు చేసి బి.ఎస్సీ. పట్టా పొందవచ్చు. కాబట్టి డిగ్రీ సీటు రాలేదని కుమిలిపోనక్కర లేదు. ఇవి ఆడపిల్లల చదువులే అనుకోవడం కూడా తప్పే. మగపిల్లలు చాలామంది జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. చదివి ఉద్యోగాలు చేస్తున్నారు.

ఇక సీటు ఎలా వస్తుంది? కర్ణాటకలో 2023 నుంచి బి.ఎస్సీ. నర్సింగ్ ప్రవేశాలు కూడా కె.సి.ఇ.టి. పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. మన తల్లిదండ్రులు పొరపాటు పడేది ఇక్కడే. ఫలితాలు వచ్చాక చూసుకుందాంలే అనుకుంటారు. కాని ఈ పరీక్షకు దరఖాస్తులు మామూలుగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే తీసుకుంటారు. మే నెలలో మా దగ్గరికి వచ్చేసరికి గడువు దాటి ఉంటుంది. అప్పుడు ఏజెంటే దిక్కవుతాడు. పరీక్షలో ఒక్కొక్క శాస్త్రానికి 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కనుక తెలియని ప్రశ్ననైనా ఖాళీగా వదిలి రావద్దని పిల్లలకు చెప్పండి. హోసూరు వైపు శ్రోతలు గమనించండి: తమిళనాడులో ఇంతవరకు పన్నెండో తరగతి మార్కుల ఆధారంగానే ఎంపిక జరుగుతోంది.

సరిహద్దు ప్రాంతపువాళ్ళం కనుక మనకు మాత్రమే ఉండే చిక్కు ఇంకొకటి ఉంది. కర్ణాటకలో ప్రభుత్వ కోటాకు అర్హత రావాలంటే, ఒకటో తరగతి నుంచి రెండవ పి.యు.సి. లోపల కనీసం 7 విద్యా సంవత్సరాలు ఈ రాష్ట్రంలో చదివి, పదో తరగతో రెండవ పి.యు.సి.యో ఇక్కడ పాసై ఉండాలన్నది ఎక్కువమందికి వర్తించే నిబంధన. ఆంధ్రలో లెక్క వేరు. అక్కడ అర్హత పరీక్షతో ముగిసేటట్లు వరుసగా 4 సంవత్సరాలు చదివినవారిని స్థానికులుగా చూస్తారు. మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? నాలుగో తరగతి దాకా ఇక్కడ చదివిస్తాం. తర్వాత మదనపల్లెలోనో హిందూపురంలోనో అమ్మమ్మగారింట్లో ఉంచి పదో తరగతి చేయిస్తాం. మళ్ళీ పి.యు.సి.కి ఇక్కడికి తెస్తాం. లెక్క వేయండి. ఇక్కడ 6 సంవత్సరాలే అయ్యాయి. అక్కడి చివరి నాలుగేళ్ళూ కుదరలేదు. పిల్ల రెండు గట్లకూ కాకుండా పోతుంది. అలాంటివారికి వేరే నిబంధన కింద దారి ఉందేమో సమాచార పుస్తకంలో చూడాలి. చిన్న పిల్లలున్నవారు మాత్రం బడి మార్చే ముందే ఈ లెక్క గుర్తుంచుకోండి. చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తీసి భద్రపరచండి.

పేర్ల విషయం కూడా చూడండి. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడ ఇనిషియల్ వెనక వేస్తారు. పదో తరగతి మార్కుల జాబితాలో ఒకరకంగా, ఆధార్‌లో ఇంకొకరకంగా ఉంటే కౌన్సెలింగ్ రోజున పరుగులు పెట్టాల్సి వస్తుంది. దరఖాస్తుకు ముందే సరిచేయించండి. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు నాడకచేరిలో తీసుకోవాలి. వాటిమీద ఉండే ఆర్.డి. నంబరు దరఖాస్తులో అడుగుతారు. ఆంధ్రలో తీసుకున్న కుల పత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు.

కాలేజీని ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందా? డిగ్రీ కోర్సయితే రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ సంవత్సరానికి అనుబంధం ఇచ్చిందా, ఎన్ని సీట్లకు ఇచ్చింది? పిల్లలు పని నేర్చుకునే ఆసుపత్రి ఏది, అందులో రోగులు నిజంగా ఉన్నారా? కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రసీదు ఇస్తారా? రంగుల పుస్తకం చూసి మోసపోకండి. ఒకరోజు పొద్దున్నే ఆ ఆసుపత్రి ఓ.పి. దగ్గరికి వెళ్ళి నిలబడండి. వరుసలో జనం ఉంటే పిల్ల పని నేర్చుకుంటుంది. పడకలు ఖాళీగా ఉంటే నాలుగేళ్ళు బొమ్మమీదే నేర్చుకుంటుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవారు రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. బ్యాంకు విద్యారుణం గురించి కూడా అడగండి. సాధారణంగా ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు.

సీటు వచ్చింది. ఇక చేరే లోపల చేయాల్సినవి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. రక్తంతో, సూదులతో పని కనుక దీన్ని వాయిదా వేయకూడదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆడపిల్లకు 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అన్నమాట. వార్డులో గంటల తరబడి నిలబడాలి. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళి, పుండుకు కట్టు కడుతుండగా కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలుంటారు. అది భయం కన్నా ఆకలివల్లే ఎక్కువ. రాగి సంగటి, పప్పు, ఆకుకూర ఇంట్లో ఉన్నవే. కడుపునిండా పెట్టండి.

మొదటి సెమిస్టర్‌లో ఏం చదువుతారు? 2021లో భారత నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన పాఠ్యప్రణాళిక ప్రకారం కమ్యూనికేటివ్ ఇంగ్లీషు, అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్ మొదటి భాగం ఉంటాయి. ప్రథమ చికిత్స ఆ చివరిదానిలోనే కలిసి ఉంది. అనాటమీకి 60 గంటలు, ఫిజియాలజీకి 60 గంటలు. నర్సింగ్ ఫౌండేషన్‌కు మాత్రం తరగతిలో 120, నైపుణ్య ప్రయోగశాలలో 80, ఆసుపత్రిలో 160 గంటలు. ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది, ఇది చేతులతో నేర్చుకునే చదువు అని. పాసు కావడానికి 50 శాతం, ఇంగ్లీషుకు 40 శాతం. హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పెళ్ళిళ్ళకు, జాతరలకు పిల్లను పిలిపించే పెద్దలు ఈ ముక్క మరచిపోవద్దు.

కన్నడ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చిన పిల్లకు మొదటి నెల అనాటమీ పుస్తకం తెరిస్తే గుండె జారుతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. ఆ పెద్ద మాటలు నిజానికి చిన్న ముక్కల అతుకులు. కార్డియో అంటే గుండె. హెపాటో అంటే కాలేయం. నెఫ్రో అంటే మూత్రపిండం. గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం. చివర ఐటిస్ అని వస్తే వాపు, ఎక్టమీ అని వస్తే కోసి తీసేయడం. అప్పుడు హెపటైటిస్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మన వ్యాకరణంలో సంధులు విడదీసినట్టే ఇదీను. రోజుకు పది ముక్కలు నేర్చుకుంటే రెండు నెలల్లో పుస్తకం దారికి వస్తుంది.

ఇంకొక నోటు పుస్తకం పెట్టించండి. దానిలో మూడు వరుసలు గీయాలి: ఇంగ్లీషు, కన్నడం, తెలుగు. రోగి చెప్పే మాటలు అందులో రాసుకోవాలి. మనకు దగ్గు, వాళ్ళకు కెమ్ము. మనకు పడిశం, వాళ్ళకు నెగడి. మనకు కళ్ళు తిరగడం, వాళ్ళకు తలె సుత్తు. కొన్ని మాటలు మోసం చేస్తాయి. కన్నడంలో సుస్తు అంటే అలసట. మనం సుస్తీ అంటే జబ్బు. కన్నడంలో ఊత అంటే వాపు. మనకు ఊత అంటే ఆసరా. కాలికి ఊత అని పెద్దాయన అన్నప్పుడు చేతికర్ర తెచ్చిస్తే ఎలా ఉంటుంది! రెండు భాషలు తెలిసిన నర్సు డాక్టరుకూ రోగికీ మధ్య వంతెన. మన పిల్లలు బరువనుకునే రెండో భాష వార్డులో ఆస్తి అవుతుంది.

ఇంట్లో చేసుకోగల అభ్యాసం కూడా ఉంది. మణికట్టు దగ్గర, బొటనవేలి కింది వైపు, రెండు మూడు వేళ్ళతో నాడి పట్టి నిమిషంపాటు లెక్కించాలి. బొటనవేలితో పట్టకూడదు. దానికీ నాడి ఉంటుంది కనుక లెక్క తప్పుతుంది. నెమ్మదిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100. శ్వాస 12 నుంచి 20. శ్వాస లెక్కిస్తున్నామని మనిషికి చెప్పకూడదు. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. తాతకు, నాన్నకు, చేలోంచి వచ్చిన అన్నకు లెక్కించి రాసుకుంటే, ఆసుపత్రిలో తొలిరోజు చేయి వణకదు.

చివరగా, పెద్దల మనసులో ఉండే మాట. "ఆడపిల్ల ఊళ్ళోవాళ్ళ మలమూత్రాలు ఎత్తేదా?" అని ఒక అవ్వ నన్ను నిలదీసింది. నేనొకటే అడిగాను. "అవ్వా, నీకు కాలు విరిగినప్పుడు వేలూరులో ఎవరు ఎత్తారు?" అవ్వ మాట్లాడలేదు. వేలూరు ఆసుపత్రి మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. ఐడా స్కడ్డర్ అనే వైద్యురాలు అక్కడ 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1946లో అది డిగ్రీ చదువైంది. అప్పటినుంచీ మన పెద్దలను పడకమీద తిప్పి పడుకోబెట్టినవాళ్ళు ఎవరో ఒకరి ఇంటి పిల్లలే కదా.

మొదట్లో చెప్పిన ఆ టమోటా రైతు కూతురు మరుసటి ఏడు ఫిబ్రవరిలోపే దరఖాస్తు పెట్టింది. పరీక్ష రాసింది. సీటు వచ్చింది. దసరా సెలవులకు వచ్చినప్పుడు, "నావల్ల కాదు మేడం, అనాటమీ మొదటి పరీక్షలో 11 మార్కులే వచ్చాయి, మానేస్తాను" అని ఏడ్చింది. నేను ధైర్యం తప్ప ఏమివ్వగలను? మూడు వరుసల నోటు పుస్తకం ఒకటి గీసి ఇచ్చాను. ఆ సెమిస్టర్ గట్టెక్కింది, అంచుమీదే అనుకోండి. మొన్న సంక్రాంతికి వచ్చి తన పుస్తకం చూపించింది. నేను రాసిచ్చిన మాటలు మొదటి రెండు పేజీలే. మిగతా పేజీలన్నీ రోగుల దగ్గర తాను విని రాసుకున్న మాటలు. అందులో నాకు తెలియనివే ఎక్కువ.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లో పి.యు.సి. చదివే పిల్ల ఉంటే ఫలితాల కోసం ఆగకండి. జనవరిలోనే మీ పిల్ల బడికో కాలేజీకో వెళ్ళి ఉపాధ్యాయులను అడగండి. చెప్పడానికి మేమున్నాం. ఏజెంటు చేతికి దుడ్డు ఇచ్చిన తర్వాత మాత్రం రాకండి, ఇవ్వకముందే రండి.