ఫ్రిజ్ వెనుక నీళ్ల ట్రే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. మలేరియా విభాగంలో ఇల్లిల్లూ తిరిగి రిటైరైనవాణ్ణి కనుక ఒక చిన్న సంగతి మాత్రం మనవి చేస్తాను. అది మీ ఫ్రిజ్ వెనుక ఉండే నీళ్ల ట్రే.

ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా గాలిలోని తేమ లోపలికి పోయి, చల్లని గొట్టాలమీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు కరిగిన నీరు సన్నని గొట్టం ద్వారా వెనుక కంప్రెసర్ దగ్గరున్న ట్రేలోకి దిగుతుంది. కంప్రెసర్ వేడికి అది ఆవిరైపోవాలి. కాని వానాకాలంలో తేమ ఎక్కువ. తలుపు రబ్బరు వదులైతే మరీ ఎక్కువ. అప్పుడు వచ్చిన నీరంతా ఆరదు, నిలిచిపోతుంది.

డెంగీని మోసే ఈడిస్ దోమకు కావలసింది ఇలాంటి నిలవ నీరే. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అనాఫిలిస్ దోమలో. ఇది వేరు. దీని ఒంటిమీద తెల్లని చారలుంటాయి, పగటిపూట కుడుతుంది. కాబట్టి రాత్రి దోమతెర కట్టుకుంటే సరిపోదు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

ఇళ్లకు వెళితే తొట్లు, కుండీలు, పాత టైర్లు అన్నీ చూపించేవారు. ఫ్రిజ్ వెనుక చూస్తామంటే మాత్రం "అక్కడేముంటుందండీ, దుమ్ము తప్ప" అనేవారు. టార్చి వేసి చూపిస్తే కొన్ని ఇళ్లలో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ కనిపించేవి.

చేయవలసింది కష్టమేమీ కాదు. ముందు ప్లగ్గు తీసేయండి. కంప్రెసర్ చల్లారాక ట్రే తీసి, నీళ్లు ఎండలో పొడి నేలమీద పారబోయండి. అంతటితో ఆగకూడదు. గుడ్లు ట్రే గోడలకు అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుచేత సబ్బు వేసి బ్రష్షుతో రుద్దాలి. ట్రే ఊడిరాకపోతే గుడ్డతో నీరు అద్ది తీయండి. కిరసనాయిలు మాత్రం పోయకండి. కరెంటు వస్తువు దగ్గర నిప్పు ప్రమాదం. మన వయసులో ఫ్రిజ్ ఒంటరిగా లాగడం కూడా వద్దు, అబ్బాయినో మనవణ్ణో పిలవండి.

మరొక ముఖ్యమైన మాట. ఎక్కువ జ్వరం, కళ్ల వెనుక నొప్పి, కీళ్లనొప్పులు వస్తే డెంగీ కావచ్చు. అప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మనలో గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవారు ఎందరో ఉన్నారు. మీ అంతట మీరు మానేయకండి, ఆ సంగతి డాక్టరుగారికి మొదటే చెప్పండి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనం మరచిపోం. ఈ ట్రేని వారానికోసారి, డ్రై డే నాడు, గుర్తుంచుకోండి. మన మనవలు ఆడుకునేది ఆ ఇంట్లోనే.