ఖాళీ గడిలో సున్నా



పాలపద్దు రాసుకోవడం మనకేం కొత్త కాదు కదా! అడ్డంగా, నిలువుగా గళ్ళు గీసుకున్న ఆ కాయితమే కంప్యూటరులోకి ఎక్కితే స్ప్రెడ్‌షీటు అంటారు. 1979లో విసికాల్క్ అన్న పేరుతో ఒకటి అమ్మకానికి వచ్చింది మొదలు దీని వాడకం పెరిగింది. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడిన లెక్కలన్నీ వాటంతటవే మారిపోతాయి. అదే దీని సుళువు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా మార్కుల రిజిస్టరులో పరీక్షకొక పేజీ. ఎవరు ఫస్టో, ఎవరు లాస్టో ఇట్టే తెలుస్తుంది. జూన్‌లో చేరిన పిల్ల జనవరికి ఎంత ఎదిగిందో మాత్రం తెలియదు. అందుకని పిల్లకొక అడ్డువరస, పరీక్షకొక నిలువువరస వేసుకున్నాను. ఒక పరీక్ష 20 మార్కులకి, ఇంకోటి 80కి. అలాగే పక్కపక్కన పెడితే 16 నుంచి 48కి ఎగబాకినట్టుంటుంది. నిజానికి నూటికి 80 నుంచి 60కి జారిందన్నమాట! అందుచేత సూత్రం రాసి అన్నిటినీ నూటికి మార్చి, గీత గీయించాను.

ఇక నా నిర్వాకం వినండి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల గీత సంక్రాంతి ముందు నేలకి దిగిపోయింది. సగటు 45. తల్లిని పిలిపించి చూపించాను.

"మీరూ అదే అంటున్నారా టీచరుగారూ? బడి మానిపించి కుట్టుమిషను దగ్గర కూర్చోబెడదామంటున్నారు వాళ్ళ నాన్న" అందావిడ.

నా గుండె గుభేలుమంది. ఇంటికెళ్ళి గడులన్నీ తిరిగి చూశాను. రాసిన నాలుగు పరీక్షల్లో 62, 66, 69, 73! చివరి రెండింటికీ పిల్ల రానేలేదు. ఆస్పత్రిలో నాయనమ్మకి తోడుంది. నేను ఖాళీగానే వదిలాను సుమండీ. ఆ సూత్రం ఖాళీని కూడా భాగించి సున్నా రాసిపెట్టింది! సున్నా అయితే సగటులో కలుస్తుంది, వట్టి గడి అయితే కలవదు. రాని పరీక్షల దగ్గర సూత్రం చెరిపేస్తే సగటు 67.5కి లేచింది. యంత్రాన్ని అని ఏం లాభం? చూసుకోవలసినదాన్ని నేను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, పొరపాటు నాదేనని తండ్రికి చెప్పాను. ఆయన గీతకేసి చాలాసేపు చూసి, "రాసిన ప్రతిసారీ పెరిగిందా?" అని రెండుసార్లు అడిగారు. ఆ కాయితం తన దగ్గరే ఉంచుకున్నారు. సోమవారం పిల్ల బడికి వచ్చింది.