సమాధి తోటకు తాళం వేసింది ఎవరు?

(గూడూరులో దళిత క్రైస్తవ కుటుంబాలు, సంఘ కార్యకర్తలు కలిసిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కలారా, కూలి మానుకుని పాలేల నుంచి వచ్చిన పెద్దలారా, జై భీమ్. ప్రభువు పేరిట వందనాలు కూడా. రెండూ ఎందుకు చెప్పానంటే ఈ సభలో రెండు సంఘాల వాళ్లూ ఉన్నారు. గుడి సంఘం వాళ్లూ, మన దళిత సంఘం వాళ్లూ. సగం మంది రెండింటిలోనూ ఉన్నవాళ్లే.

"దుర్బోధల మీద మాట్లాడు సార్" అని నన్ను పిలిచారు. నేను బోధకుణ్ణి కాదు. బళ్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. కాని పోయిన ఎండాకాలంలో ఒక సమాధి తోట గేటు ముందు మూడు గంటలు నిలబడ్డాను. నాకు తెలిసిందల్లా ఆ మూడు గంటలే.

మా పాలెంలో ఒక పెద్దాయన, నాకు చిన్నాయన వరస. నిమ్మతోటల్లో కాయలు కోసి బతికాడు. ముప్పై ఏళ్లు మా గుడి గంట కొట్టింది ఆయనే. ఆఖరి రెండేళ్లు గుడికి రాలేదు. రోడ్డు అవతల రేకుల షెడ్డులో కొత్తగా పెట్టిన ప్రార్థనకు పోయాడు. అక్కడి బోధకుడు ఎన్ని గంటలు మాట్లాడినా చెప్పేది మూడు మాటలే. అంత్యకాలం వచ్చేసింది. నా నోటి మాటే దేవుడి మాట. మాత్ర మింగేవాడికి విశ్వాసం లేదు. చిన్నాయనకు టీబీ. సర్కారు ఆస్పత్రిలో మాత్రలు ఉచితం, ఆరు నెలలు విడవకుండా మింగాల. రెండో నెలకు దగ్గు తగ్గింది. తగ్గించింది మాత్రే. షెడ్డులో మాత్రం "చూశావా, ప్రభువు ముట్టాడు" అన్నారు. మిగతా మాత్రలు కాలవలో పారేశాడు. టీబీ మాత్ర మధ్యలో ఆపితే జబ్బు మొండిదై కూర్చుంటుంది, తర్వాత ఆ మందులకు లొంగదు. అట్లానే ముదిరింది, పోయాడు.

శవాన్ని తెస్తే మా సంఘపెద్దలు గేటు తియ్యలేదు. "దుర్బోధలో పడినోడు, పేరు కొట్టేశాం, మన తోటలో చోటు లేదు" అన్నారు. షెడ్డు బోధకుడేమో ఫోను ఎత్తలేదు. మే నెల ఎండ. పిన్నమ్మ గేటు కడ్డీలు పట్టుకుని కింద కూర్చుంది. మన కుర్రోళ్లు కాళ్లూ గడ్డాలూ పట్టుకుంటే సాయంత్రం నాలుగింటికి తాళం తీశారు. లోపల గోడ వారగా చోటు చూపించారు. గోడ వారగా! ఊరి శ్మశానంలోకి రానియ్యరనే గదా మన తాతలు మిషను వాళ్లను అడిగి ఆ జాగా సంపాదించుకున్నది? వెలి అంటే ఏందో మనకంటే బాగా తెలిసినోళ్లు ఎవరున్నారు? ఆ విద్య మనం ఎప్పుడు నేర్చుకున్నాం?

తర్వాత పిన్నమ్మను అడిగాను, ఆయన అక్కడికి ఎందుకు పోయాడమ్మా అని. "వాళ్లు ఇంటికి వచ్చినారు నాయనా" అంది. అంతే. రోజూ రాత్రి ఏడింటికి నలుగురు ఆడోళ్లు వచ్చి, మంచం పక్కన చాప వేసుకుని పాడేవాళ్లంట. దగ్గేవాడి పక్కన. మన గుడి నుంచి ఎవరూ రాలేదు, చందా పుస్తకం తప్ప. ఇంకో మాట కూడా చెప్పింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా గుడిలో మాలలు ఒక పక్క, మాదిగలు ఒక పక్క కూర్చుంటారు, పెద్దరికం ఒక పక్కే ఉంటుంది. "షెడ్డులో అందరం ఒకే పట్ట మీద కూర్చుంటాం" అంది. ఆ బోధకుడి మూడు మాటలూ తప్పే. కాని పిన్నమ్మ చెప్పిన రెండు మాటలూ నిజం. తప్పుడు బోధకు జవాబు చెప్పాలంటే ముందు ఈ నిజాలకు జవాబు చెప్పాల. చాలా గుళ్లలో ఏం చేస్తున్నారు? పట్నం నుంచి ఇంకా పెద్ద గొంతున్న ప్రసంగీకుణ్ణి పిలిపించి, మైకు పెట్టి షెడ్డు వాళ్లను తిట్టిస్తున్నారు. రెండు మైకుల మధ్య జబ్బు మనిషికి నిద్ర పట్టడం లేదు, అంతే జరిగింది.

కొత్త గుంపు అనగానే దుర్బోధ అనేస్తున్నారు. కొంచెం వెనక్కి చూడండి. ఈ నెల్లూరు సీమకు 1840లో అమెరికా బాప్తిస్టులు వచ్చారు. 1860ల దశకంలో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్లు ఇటు వచ్చారు. మన ఊళ్లలో అప్పుడు అవే కొత్త గుంపులు. ఒంగోలు ప్రాంతపు మాదిగ నాయకుడు ఎర్రగుంట్ల పేరయ్య క్రీస్తును తెలుసుకోక ముందు యోగ మార్గంలో ఉండి, బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. కులం లేని దేవుణ్ణి వెతుక్కుంటూ ఒక మార్గం నుంచి ఇంకో మార్గానికి నడిచినవాడు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల ముక్క కంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని పెట్టాడు. మన కోస్తా వెంబడి పోయే కాలవే అది. కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వస్తున్నారనే మాట పడకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా మనల్ని కూటి క్రైస్తవులనే అన్నారు. ఈ రోజు షెడ్డుకు పోయేవాళ్లను మనం ఏమంటున్నాం? "నూనె సీసా కోసం పోయినోళ్లు" అంటున్నాం. అదే నోరు, అదే మాట.

ముంగమూరి దేవదాసు అయ్యగారి సంగతి చూడండి. లూథరన్ సంఘంలోనే పనిచేసి, 1938లో బయటికొచ్చి బైబిలు మిషను పెట్టారు. దర్శనాలు, స్వస్థతలు అంటే ఆనాటి పెద్దలకు నచ్చలేదు. ఈ రోజు ఆయన కీర్తనలు మన కీర్తనల పుస్తకంలోనే ఉన్నాయి, మనమే పాడుతున్నాం. కాబట్టి గుంపు చిన్నదా, కొత్తదా, చప్పట్లు కొడతారా అని చూసి తీర్పు చెప్పకండి. ఆ బోధ మనిషిని ఏం చేస్తా ఉంది, అది చూడండి.

మాత్ర పారెయ్యమంటుందా? ఆడపిల్లను పదో తరగతి పరీక్షకు పోవద్దంటుందా? నా బళ్లో ఒక పిల్లను అట్లానే ఆపారు, హాల్ టికెట్ నా బల్ల మీదే మిగిలిపోయింది. ఓటు వద్దు, సంఘం వద్దు, అంబేడ్కర్ బొమ్మ విగ్రహం అంటుందా? భూమి కాగితాలు బోధకుడి పేర రాయమంటుందా? అన్నింటికంటే పెద్ద గుర్తు, ప్రశ్న అడిగితే సాతాను అంటుందా? పౌలు అంతటివాడు చెప్పినా నిజమో కాదో చూద్దామని బెరయవాళ్లు రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. పౌలు దాన్ని తప్పు పట్టలేదు. లూకా వైద్యుడు. లోకం అయిపోతోందని పనులు మానుకున్న థెస్సలొనీక వాళ్లకు పౌలు పని చేసుకోమని ఉత్తరం రాశాడు. ఆ రోజు, ఆ గడియ తనకే తెలియదన్నాడు యేసు. ఈయనకు తెలిసిందంట! 1975లో అంతం వస్తుందని యెహోవాసాక్షుల్లో చాలామంది ఎదురుచూశారు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. మర్నాడు ఎప్పటిలాగే తెల్లారింది.

ఇదంతా చదువులేని పల్లె జనం పిచ్చి అనుకోకండి. 2021 జనవరిలో మదనపల్లెలో విద్యాసంస్థల్లో పనిచేసే తల్లిదండ్రులే, మళ్లీ బతుకుతారనే నమ్మకంతో ఇద్దరు కూతుళ్లను చంపారని కేసు నమోదైంది. వాళ్లు క్రైస్తవులు కాదు. ఏ మతం పేరైనా మనిషి తన బుద్ధిని ఇంకొకరి చేతిలో పెడితే ఇదే జరుగుతుంది.

జిమ్ జోన్స్ సంగతి మన కార్యకర్తలు ప్రత్యేకంగా తెలుసుకోవాల. అమెరికాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చునే గుడి కట్టాడు. ముసలివాళ్లకు ఇళ్లు పెట్టాడు, సమానత్వం అన్నాడు. నమ్మి అతని వెంట గయానా అడవికి పోయారు. 1978 నవంబరు 18న 900 మందికి పైగా చచ్చారు, పిల్లలకు కూడా విషం పోశారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. మిగతా గుళ్లలో వాళ్లకు దొరకని గౌరవం అతను ఎర వేశాడు. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో యేసును చేరాలంటే ఆకలితో చావాలన్న బోధ వెంట పోయినవాళ్లవి 400కు పైగా శవాలు తవ్వి తీశారు.

"అయితే పోలీసు కేసు పెట్టి షెడ్డు మూయిద్దాం" అని మన కుర్రోళ్లే అంటున్నారు. వద్దు తమ్ముళ్లూ. ప్రార్థన ఆపడానికి ఎత్తిన లాఠీ ఆ షెడ్డుతో ఆగదు, రేపు మన గుడి మీదికి వస్తుంది. కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ బోధ నాకు నచ్చదు. కాని ఆ తీర్పు మన పిల్లలకు కూడా గొడుగే. నేరం జరిగితే నేరం మీద కేసు పెట్టండి. క్యాన్సరు, షుగరు, మూర్ఛ మహిమతో నయం చేస్తామని పోస్టర్లు వేస్తే 1954 చట్టం ఉంది. పొలం రాయించుకున్నా, పిల్లను కొట్టినా చట్టం ఉంది. నమ్మకం మీద మాత్రం కేసు వద్దు.

మనం చేయాల్సింది మన చేతుల్లోనే ఉంది. ప్రతి పాలెంలో మాత్ర మింగేవాళ్ల పేర్లు సంఘం దగ్గర ఉండాల. రాత్రి ఏడింటికి ఆ ఇంటికి ఎవరో ఒకరు పోవాల, ప్రార్థన చేయండి, మాత్ర మింగించండి, రెండూ చేయండి. టీబీ మనిషికి తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడుతుంది, 2024 నవంబరు నుంచి 500ను అంతకు పెంచారు. ఆ ఖాతా పని చేస్తోందో లేదో చూసే చదువుకున్న పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. గుడి లెక్కలు ఆదివారం అందరి ముందు చదవండి. మనం కానుక లెక్క చెప్పకుండా షెడ్డు బోధకుణ్ణి కారు ఎట్లా కొన్నావని అడిగితే నవ్వుతాడు. మాల పక్క, మాదిగ పక్క తీసెయ్యండి. దీనికి ఏ కోర్టూ అక్కర్లేదు. పట్టలు కలిపి పరిస్తే చాలు.

సమాధి తోట తాళం మాట. చచ్చినవాడు ఏ బోధ విన్నాడని అడగకుండా గేటు తీస్తామని సంఘం రాతపూర్వకంగా తీర్మానం చేయాలని నేను అర్జీ ఇచ్చాను. నలభై రెండు సంతకాలు ఉన్నాయి. ఇంకా జవాబు రాలేదు.

పిన్నమ్మ ఇప్పటికీ షెడ్డుకే పోతోంది. ఫోను ఎత్తని బోధకుడి కోసం కాదు, మూడో రోజు బియ్యం మోసుకొచ్చిన ఆ నలుగురు ఆడోళ్ల కోసం. ఆమెకు ఇప్పుడు దగ్గు మొదలైంది. ఆస్పత్రికి పదమంటే మాట్లాడదు. పోయిన ఆదివారం సాయంత్రం నేనూ ఆ షెడ్డుకు పోయి వెనక కూర్చున్నా. పాటలు అయ్యాక ఆ ఆడోళ్లతో మాట్లాడాను. అందులో ఒకామె, "సోమవారం నేను కూడా ఆస్పత్రికి తోడొస్తా సార్, బోధకుడికి మాత్రం చెప్పొద్దు" అంది. ఇంటి దగ్గర దింపితే పిన్నమ్మ, "మీ అయ్యగారిని ఒకసారి రమ్మను" అంది. అయ్యగారు ముందు వరసలోనే కూర్చోనుండారు. అయ్యా, నేను అడిగేశాను.