థీసిస్ ఎవరి సొత్తు?

జై తెలంగాణ.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. రాష్ట్రం వచ్చింది. అయినా నియామకాలంటే మన ఇండ్లల్ల ఇప్పటికీ రెండే: సర్కారు కొలువు, లేకుంటే సాఫ్ట్‌వేర్ కొలువు. ఇయ్యాల నేను మూడోదాని గురించి చెప్త. పీహెచ్‌డీ చేసే పిల్ల తన పరిశోధన మీదనే కంపెనీ పెట్టుడు.

మన టొరంటోకు గంటన్నర దూరంల వాటర్లూ ఉన్నది. 1980లల్ల ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని కంప్యూటర్‌కు ఎక్కించే పనిల అక్కడి యూనివర్సిటీ చేయి వేసింది. అంత పెద్ద పుస్తకంల ఒక్క మాటను క్షణంల ఎట్ల వెతకాలె అని ప్రొఫెసర్లు కొత్త ప్రోగ్రాములు రాసిన్రు. ఆ పనిలకెల్లి 1991ల ఓపెన్‌టెక్స్ట్ కంపెనీ పుట్టింది. డిక్షనరీకెల్లి కంపెనీ అంటే మనూర్ల నవ్వుతరు!

ఇది ఊరికే కాలేదు. వాటర్లూల ఒక నియమం ఉన్నది: సాధారణంగా ఎవరు కనిపెడితే హక్కు వాళ్లదే, యూనివర్సిటీది కాదు. బయటి కంపెనీ పైసలతోని చేస్తే ఒప్పందం వేరే ఉంటది. కెనడాల అన్ని యూనివర్సిటీలు ఇట్ల లేవు. అందుకే పిల్లలారా, చేరిన కొత్తలనే ఆ కాగితం అడిగి చదువుండ్రి. ప్రొఫెసర్‌తో కలిసి చేస్తుంటే ఎవరి వాటా ఎంతో ముందే రాసుకోండ్రి. ఇంకోటి, కాన్ఫరెన్సుల చెప్పినంక కూడా కెనడాల పేటెంటుకు ఏడాది గడువు ఉంటది. ఐరోపాల ఉండదు. నోరు విప్పిన రోజే తలుపు మూసుకుంటది.

ఇంటికాడ అప్పు ఉన్న పిల్లగాడు కొలువు కాదని కంపెనీ ఎట్ల పెడతడు? నిజమే. మైటాక్స్ అసొంటి సంస్థలు విద్యార్థి ఇంటర్న్‌షిప్ ఖర్చుల కొంత పెట్టుకుంటయి, మిగిలింది భాగస్వామి కంపెనీ పెట్టాలె. ఆ కంపెనీని చూపెట్టుడే మన పని. ఇక్కడ దవాఖానల్ల, బ్యాంకుల్ల, గోదాముల్ల మనోళ్లు లేరా? లక్షల పెట్టుబడి కంటే మొదటి గిరాకీని తెచ్చిస్తే చాలు.

2015ల హైదరాబాద్‌ల టీ-హబ్ పెట్టుకున్నం, సంతోషం. వాటర్లూ వాళ్లు 2008ల వెలాసిటీని ఒక హాస్టల్‌లనే మొదలుపెట్టిన్రు. ఉద్యమాన్ని నడిపిన ఉస్మానియా, కాకతీయ హాస్టళ్లు ఈ పనికి తక్కువా? కాని ముందు అక్కడి పిల్లకు తన థీసిస్ మీద హక్కెంతో ఒక్క పేజీల, తెలుగుల రాసియ్యాలె. మన సంఘం తరఫున ఆ రెండు యూనివర్సిటీలకు ఉత్తరం రాద్దాం.

సభ అయినంక చాయ్ కాడనే ఉంట. ఒప్పంద కాగితాలున్నోళ్లు పట్టుకొని రండ్రి. జై తెలంగాణ.