నాగరికతకు కొలమానం ఏది?

(డిగ్లీపూర్ ధమ్మ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మానవ నాగరికత ఎటు పయనిస్తోంది, ఎటు పయనించాలి అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు మహానగరాలలోనే దొరుకుతుందని చాలామంది తలుస్తారు. శాడిల్ పీక్ పాదాల వద్ద, కల్పాంగ్ నది పారే ఈ డిగ్లీపూర్‌లోనే ఆ జవాబును వెదకడం ఉచితమని నేను భావిస్తున్నాను. నాగరికత పేరిట జరిగిన మేలూ, కీడూ రెండూ ఇక్కడ మన కళ్లెదుటే ఉన్నాయి.

మనకంటె ముందు ఈ ఉత్తర అండమాన్ ఎవరిది? బో, జెరు, ఖోరా, కారి అనే భాషలు మాట్లాడిన గ్రేట్ అండమానీయులది. 1858లో బ్రిటిషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పారు. ఆదివాసులను నాగరికులుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. ఆ నాగరికత వెంట తట్టు, ఫ్లూ, సుఖవ్యాధులు వచ్చాయి. వేలల్లో ఉన్న ఆ ప్రజలు 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది మిగిలారు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూయడంతో బో భాష మాట్లాడేవారు లోకంలో లేకుండా పోయారు. ఈ అడవిలోని చెట్లకు, చేపలకు, గాలులకు తరతరాలుగా పెట్టుకున్న పేర్లు ఆమెతోపాటే వెళ్లిపోయాయి. బలవంతుడు తన బాటనే ప్రగతి అని పిలుచుకున్నప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక మన సంగతి. ఇక్కడికి వచ్చినవారిలో సుఖంగా ఉండి వచ్చినవారు తక్కువ. దేశ విభజన వల్ల ఇల్లూ వాకిలీ కోల్పోయిన తూర్పు బెంగాలు కుటుంబాలు 1950ల నుండి ఇక్కడ స్థిరపడ్డాయి. వారిలో నమశూద్రులు ఎందరో ఉన్నారు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ రాజ్యాంగ సభకు ఎన్నికైనది బెంగాలు నుండే. అందుకు పాటుపడిన జోగేంద్రనాథ్ మండల్ ఆ నమశూద్రుల నాయకుడే. రాంచీ ప్రాంతపు ఆదివాసులు అడవి పనులకు కూలీలుగా వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి మన తెలుగువారు వలలు పట్టుకొని, పొట్ట చేతబట్టుకొని వచ్చారు. నిరాశ్రయులైనవారికి ఆశ్రయం దొరకడం న్యాయమే. అయితే మనకు ఆశ్రయమైన నేల మరొకరికి పుట్టిల్లని మరువకపోవడమే ధమ్మం.

ఈ మాటకు పరీక్ష మన రోడ్డే. మనం ఏటీఆర్ అని పిలుచుకొనే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల రక్షిత అటవీ ప్రాంతం గుండా సాగుతుంది. జారవాలు కొద్ది వందల మందే. 1997 చివర వారు బయటి ప్రపంచంతో వైరం మాని దగ్గరికి రాసాగారు. 1999లోనే వారిలో తట్టు ప్రబలింది. 2002 మే 7న సుప్రీంకోర్టు వారి ప్రాంతం గుండా పోయే రోడ్డు భాగాన్ని మూసివేయాలని ఆదేశించింది. ఆ ఆదేశం పూర్తిగా అమలుకాలేదు. జిర్కటాంగ్ నుండి కాన్వాయ్‌లు ఇప్పటికీ కదులుతున్నాయి.

దీనికి మరో పక్క కూడా ఉంది. కాన్పు కష్టమైన తల్లిని, గుండె నొప్పి వచ్చిన తండ్రిని పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికి చేర్చవలసిన కుటుంబానికి ఆ రోడ్డు ప్రాణాధారం. ఆ కుటుంబాన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ మధ్యమ మార్గమంటే ఇద్దరి బాధనూ చెరిసగం చేయడం కాదు, బాధకు కారణాన్ని వెదకి తొలగించడం. డిగ్లీపూర్‌లోనే మంచి ఆస్పత్రి ఉంటే, ఏరియల్ బే రేవు నుండి నమ్మకంగా ఓడలు నడిస్తే, మన ప్రాణానికీ జారవాల ప్రాణానికీ మధ్య పోటీయే ఉండదు. రోగికీ ఆదివాసికీ తగవు పెట్టేది అభివృద్ధి కాదు. ఆ తగవు అవసరం లేకుండా చేసేదే అభివృద్ధి.

రెండవ పరీక్ష కులం. ఈ దీవులలో షెడ్యూల్డు కులాల జాబితా లేదు. కాబట్టి ఇక్కడ కులమే లేదని కొందరంటారు. నిజమే, శిక్ష ముగిసిన ఖైదీలు వేర్వేరు కులాల, ప్రాంతాల వారిని వివాహమాడగా ఏర్పడిన లోకల్ బోర్న్ సమాజంలో కులం కట్లు చాలావరకు సడలాయి. బలవంతాన నడి సముద్రంలో పడవేసిన మనుషులు కూడా కులం లేకుండా బ్రతకగలిగారంటే, కులం ప్రకృతి సిద్ధం కాదని తేలిపోయింది. మరి మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏది? తమ కులంలోనే పెళ్లి అనే నియమమే కులానికి మూలమని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో నిరూపించారు. జాబితాలో లేని కులం పెళ్లిపందిట్లో బ్రతికి ఉంటే, మనం సముద్రం దాటాము గాని కులాన్ని దాటలేదు.

మిత్రులారా, ఒంటరి మనిషికి ధమ్మం అవసరం లేదని, ఇద్దరు మనుషులు కలిసి బ్రతకవలసి వచ్చినప్పుడే అది తప్పనిసరి అవుతుందని బాబాసాహెబ్ బోధించారు. కాబట్టి ధమ్మం సామాజికం. 1956 నవంబరులో కాఠ్మాండూలో ఆయన బుద్ధుణ్ణి, మార్క్స్‌ను పోల్చి, హింసతో తెచ్చిన సమత్వం నిలువదని, మనసు మారితేనే నిలుస్తుందని వివరించారు. తృష్ణకు హద్దు లేని సమాజం ఎంత సంపాదించినా పేదదే. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, నగరం తదితర నిర్మాణాల కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించడానికి 2022లో అనుమతులు లభించాయి. అక్కడి షోంపెన్‌లను, గలతియా తీరంలో గుడ్లు పెట్టే తాబేళ్లను ఎవరు అడిగారు? కాలీపూర్ తీరంలో తాబేళ్ల రాకను ఏటా చూసే మీకు ఈ ప్రశ్న బరువు తెలుసు.

మన తెలుగు నేలకు ఈ చింతన కొత్తది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం, విశాఖ తీరాన తొట్లకొండ, బావికొండ సముద్రాన్ని చూస్తూ వెలసిన ఆరామాలు. ఆచార్య నాగార్జునుడు రత్నావళిలో రాజుకు చెప్పిన హితవులో రోగులకు వైద్యం, బాటసారులకు నీరు, విశ్రాంతి, చివరకు చీమలకు కూడా ఆహారం ఉన్నాయి. పాలన అంటే బలహీనుణ్ణి ఆదుకోవడమని ఆయన నిర్ణయించారు.

కనుక నా విన్నపాలు మూడు. మన పిల్లల పెళ్లిళ్లలో కులం అడగడం మానుదాం. మంచి ఆస్పత్రి, ఓడల సౌకర్యం కోసం బెంగాలీ, రాంచీ, తెలుగు, తమిళ సోదరులందరం ఒక్క గొంతుతో అడుగుదాం. ఏటీఆర్ మీద ప్రయాణించక తప్పనప్పుడు జారవాలను వింతగా చూడకుండా, ఫోటోలు తీయకుండా, ఏమీ విసరకుండా సాగిపోయే శీలాన్ని పాటిద్దాం. 2002 భూకంపంలో, 2004 సునామీలో ఈ నేల కదిలినప్పుడు ఎవరి కులాన్నీ, ఎవరి భాషనూ అడగలేదు. అనిత్యాన్ని అంత దగ్గరగా చూసిన ప్రజలు మైత్రిని ఆచరించడానికి ఇంకెంతకాలమో ఆగనక్కరలేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.